నిద్రపోని డాక్టరుగారు

పోయిన వారం శృంగవరపుకోటలో చింతపండు బేరం చేస్తుంటే షావుకారు నన్ను గుర్తుపట్టాడు. కొండమీద మా బడి ఎదురుగా కొట్టు పెట్టి ఉప్పు, కిరసనాయిలు అమ్మినవాడే. తక్కెడ కింద పెట్టి, "మన డాక్టరుగారు పోయారండి మేష్టారూ. నెల్లాళ్ళు దాటింది. రాత్రి అన్నం తిని పడుకున్నారట, తెల్లారి లేవలేదట. నిద్రలోనే పోయారు. అదృష్టవంతులు," అన్నాడు.

నేను చింతపండు కొనకుండానే వచ్చేశాను. దుఃఖం వల్లనని చెప్పుకోవచ్చు. నిజానికి నాకు నవ్వు వచ్చింది. చావుకబురు విని నలుగురిలో నవ్వితే బాగుండదని వచ్చేశాను. ఇంటికి చేరి తలుపు వేసుకున్నాక మాత్రం నవ్వు రాలేదు.

నిద్రలో పోయారన్న మాట వింటే ఆయన ఊరుకునేవారు కారు. ఎవరు చూశారు, కళ్ళు మూసుకున్నంత మాత్రాన నిద్ర అని ఎలా తేల్చారు అని నిలదీసేవారు. ఆయన చెప్పుకున్న దాన్నిబట్టి ఆయన పెద్దవాడయ్యాక ఒక్క రాత్రి కూడా నిద్రపోలేదు. అలాంటి మనిషి ఆఖరి రాత్రి నిద్రపోయారని లోకం అనుకోవడం ఆయనకు చావు కన్నా పెద్ద అవమానం.

అరకు లోయలో ఒక సంత ఊళ్ళో సర్కారు ఆసుపత్రి ఒకటి ఉండేది. ఆసుపత్రి అంటే మట్టిగోడలు, గడ్డికప్పు, ఒక వసారా. ఆయన అక్కడ డాక్టరు. నేను పక్కనే ఉన్న బడికి పంతుల్ని. ఇద్దరికీ కలిపి ఒకే ఇల్లు ఇచ్చారు. మధ్యలో వెదురు తడిక. ఆయన అవతల ఊడ్చుకుంటే దుమ్ము ఇవతల నా మీద పడేది. ఆయన సొంత ఊరేదో, సంసారం ఏమయిందో నాకు సరిగా తెలియదు. అడిగితే చెప్పేవారేమో. ఆయన నిద్ర సంగతి వినడం పూర్తయ్యేసరికి రోజూ బడివేళ అయిపోయేది.

రోజూ పొద్దున్నే ఇత్తడి గ్లాసుతో వసారాలోకి వచ్చి నిలబడేవారు. బొటనవేలితో, చూపుడువేలితో రెండు రెప్పలూ నొక్కి, కాసేపు అలాగే ఉంచి, వదిలేసి, "రాత్రి మళ్ళీ అంతేనండి మేష్టారూ," అనేవారు. తరవాత రాత్రి జరిగినవన్నీ వరసగా చెప్పేవారు. మొదటి కోడి ఎప్పుడు కూసిందీ, ఏ కుక్క మొరిగిందీ, షావుకారు ఎన్నిసార్లు దగ్గిందీ. మెలకువగా ఉన్నవాడికే తెలిసే సంగతులు ఇవి. చిక్కల్లా, వాటిలో ఒక్కటీ జరిగి ఉండేది కాదు. ఒకసారి ఆయన రాత్రంతా దగ్గించిన షావుకారు ఆ రాత్రి ఊళ్ళోనే లేడు. పెళ్ళికని విజయనగరం వెళ్ళాడు.

ఒక ఆషాఢంలో గాలివాన వచ్చింది. మా ఇంటి కప్పు, నావైపు సగం, లేచిపోయింది. నేను పుస్తకాలు మంచం కిందికి తోసి, వాటి మీద చాప కప్పి, నేను గొడుగు కప్పుకుని తెల్లవార్చాను. పొద్దున్న డాక్టరుగారు గ్లాసుతో వచ్చారు. రెప్పలు నొక్కుకున్నారు.

"రాత్రి ఎంత నిశ్శబ్దంగా ఉందనుకున్నారు. అలాంటి నిశ్శబ్దంలో నిద్రపట్టడం మరీ కష్టం," అన్నారు.

నేను ఆయన్ని నా గదిలోకి తీసుకువెళ్ళి, పైన ఆకాశం చూపించాను.

"ఇదెప్పుడయింది?" అన్నారు.

"రాత్రే."

ఆయన కొంచెం ఆలోచించారు. "తెల్లవారుజామున అయ్యుంటుంది. అప్పుడు నేను ముఖం కడుక్కుంటున్నాను," అన్నారు.

తడిక అవతల నుంచి రాత్రంతా వినపడే శబ్దాన్ని గురక అనడానికి నాకు వైద్యం తెలియదు. ఒకసారి మర్యాదగా ఆ సంగతి ఎత్తాను.

"గురక కాదండి అది. మెలకువగా ఉన్నవాడి దీర్ఘశ్వాస. ఛాతీకి మంచిదని తీస్తాను," అన్నారు. పైగా, "గురక మీది. నాకు వినపడుతూనే ఉంటుంది. మీరు నొచ్చుకుంటారని చెప్పలేదు," అన్నారు.

తనకు నిద్ర లేదు గనక లోకంలో ఎవరెవరికి ఎందుకు లేదో తేల్చడం తన పని అనుకున్నారు. నిద్ర లేకపోవడంలో ఆయన నాలుగు రకాలు పెట్టారు. పడుకున్నా రానిది మొదటిది. వచ్చి నడిమిరాత్రి పోయేది రెండోది. తెల్లవారకముందే లేపేసి మళ్ళీ రానిది మూడోది. అసలు లేనిది నాలుగోది. ఈ నాలుగింటికీ వర్ణాల్లాగా ఎక్కువ తక్కువలు ఉన్నాయి. నాలుగోది అన్నిటికన్నా పైది. ఆ వర్ణంలో ఆయన ఒక్కరే ఉన్నారు.

కారణం తెలిసిన నిద్రలేమి అంటే ఆయనకు చిన్నచూపు. షావుకారుది మొదటి రకం. ఎలుకలు కొట్టులో పడతాయని భయం, కాబట్టి నీచం. క్వినైను మింగినవాళ్ళు చెవుల్లో హోరుతో రాత్రంతా కూర్చుంటారు. అది మందుతో కొనుక్కున్న నిద్రలేమి, కాబట్టి లెక్కలోకి రాదు. గూడెం కొండల్లో ఫితూరీ నడిచిన రోజుల్లో, తిరుగుబాటుదార్లను వెతుకుతూ ఒక పోలీసు జమేదారు మా వసారాలో మజిలీ చేశాడు. ఆకు కదిలినా లేచి కూర్చుంటున్నానని ఆయనతో మొరపెట్టుకున్నాడు. డాక్టరుగారు నాడి చూసి, "రెండో రకం. భయం వల్ల. మీరు కిందికి బదిలీ చేయించుకోండి, కుదురుతుంది. నాకు ఆ అదృష్టం కూడా లేదు," అన్నారు. జమేదారు ఆయన వంక చూసిన చూపులో జాలి ఉంది. ఆ చూపు కోసం ఆయన ఎంత దూరమైనా నడిచేవారు.

నాది చదువు వల్ల వచ్చే మూడో రకమట. చదువు తగ్గించమని చెప్పి, నా మేలు కోరి, నా పుస్తకాలు ఒక్కొక్కటే పట్టుకుపోయేవారు. తిరిగి ఇచ్చేటప్పుడు ప్రతి పుస్తకంలోనూ మొదటి పుటల దగ్గరే మడత ఉండేది. ఆ పుటల మీద నూనె మరక, గుండెల మీద బోర్లా పెట్టుకున్న ఆనవాలు. ఎలా ఉందండీ అని అడిగితే, "నిద్ర తెప్పించేట్టు రాశాడు గాని, నాకు పనిచెయ్యలేదు," అనేవారు.

ఆసుపత్రికి ఏ జబ్బుతో వచ్చినా ఆయన మొదట అడిగే ప్రశ్న ఒక్కటే. ఒకడు గొడ్డలి దెబ్బ తగిలిన కాలు చుట్టూ ఆకులు కట్టుకుని, రక్తం కారుతూ వచ్చాడు.

"రాత్రి నిద్ర పడుతోందా?"

"పడతాది బాబూ. కాలు గదా తెగినాది, కన్ను కాదు గదా."

ఆయనకు వాడి మీద మనసు విరిగిపోయింది. కట్టు మాత్రం బాగా కట్టారు. ఆయన కట్టిన కట్టు ఎప్పుడూ ఊడలేదు, ఇది కూడా చెప్పాలి. మన్యం జ్వరంతో పడినవాణ్ణి మూడు కొండలు దాటి వెళ్ళి చూసి వచ్చేవారు. వచ్చి, దారిలో కూడా నిద్రపట్టలేదని చెప్పేవారు.

సుకిరి వచ్చింది ఈ ఆసుపత్రికే. మా ఇంటి వెనక పొలం ఆమెది. వాలులో అన్నిటికన్నా కింద, అడవిని ఆనుకుని ఉంది. ఆ ఏడాది చోళ్ళు వేశారు, రాగులన్నమాట. వెన్నులు ముదిరే వేళకు మొగుడు బుదరా జ్వరంతో మంచం పట్టాడు.

ఆ కొండల్లో చేను ముదిరితే రాత్రి కాపలా ఎలా ఉంటుందో చెప్పాలి. ప్రతి పొలంలో ఒక మంచె. మంచె మీద చీల్చిన వెదురు కట్టి ఉంటుంది, తాడు లాగితే పెద్దగా చప్పుడవుతుంది. వాలు పైన మొదటి మంచెవాడు కేక వేసి తాడు లాగుతాడు. దాని కింది మంచెవాడు అందుకోవాలి. అలా చప్పుడు మంచె మంచెకూ దిగి అడవి అంచు దాకా వస్తుంది. కాసేపటికి మళ్ళీ పైనుంచి మొదలవుతుంది. పందులు ఈ చప్పుడుకు రావు. ఏ మంచె పలకదో అక్కడి నుంచి వస్తాయి. వస్తే ఆ ఒక్క పొలంతో ఆగవు. అందుకని పలకని మంచె ఆసామి పక్కవాళ్ళ నష్టం కూడా కట్టాలని అక్కడి పాత కట్టుబాటు. పందులు తిన్నంత గింజ తన చేలోంచి కొలిచి ఇవ్వాలి.

సుకిరి పగలు కోడిపిల్లలతో, మొగుడితో, వంటతో ఉండేది. రాత్రి మంచె మీద ఉండేది. ఒకరోజు మందు సీసా పట్టుకుని వసారాలో వరసలో నిలబడి, నిలబడే నిద్రపోయింది. సీసా జారిపడి పగిలింది. అప్పుడు కూడా లేవలేదు. పక్కనున్న ముసలమ్మ కుదిపింది.

డాక్టరుగారికి ఆశ పుట్టింది. "రాత్రి నిద్ర పడుతోందా?" అని ముందుకు వంగారు.

"పడుకుంటే గదా బాబూ, పట్టేది పట్టనిది తెలిసేది."

ఆయన వెనక్కి వాలారు. ఆమె వెళ్ళాక నాతో అన్నారు, "ఇది ఏ రకంలోకీ రాదు మేష్టారూ. తీరిక లేకపోవడం జబ్బు కాదు."

ఊరంతటిలో నిజంగా నిద్ర లేని మనిషి ఆమె ఒక్కతే. ఆమెకు ఆయన శాస్త్రంలో చోటు దొరకలేదు.

మర్నాడు ఆమె మళ్ళీ వచ్చింది. మందుకు కాదు. మెట్టు కింద నిలబడి ఆయన్ని పరీక్షగా చూసింది. అక్కడివాళ్ళు ఎంత దొరనైనా నువ్వనే అంటారు. మర్యాదంతా బాబూ అన్న మాటలో పెడతారు.

"బాబూ, నీకు నిదర రాదంట గదా."

"ఎవరు చెప్పారు?"

"నువ్వే సెప్పినావు. సంతంతా సెప్పినావు."

"రాదమ్మా. ఏళ్ళయింది."

"ఒక్క పూటా రాదా?"

"రాదు."

"మరి రేతిరంతా ఏటి సేత్తావు?"

ఆయన్ని జాలిగా చూసినవాళ్ళు చాలామంది ఉన్నారు గాని, ఈ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. ఆయన తడుముకుని, "ఆలోచిస్తూ ఉంటాను," అన్నారు.

"అలోసిత్తా మా తాడు లాగవా బాబూ. తాడు పొడుగు సేసి నీ కిటికీలోంచి ఏత్తాను. పై మంచె పలికితే లాగితే సాలు. నాను మా గుడిసెలో నా మొగుడికి గంజి పోసి పడుకుంటాను. ఇంకో నాలుగు రోజులు పడుకోకపోతే నాను కూడా మంచం ఎక్కుతాను."

కొట్టు అరుగు మీద నుంచి షావుకారు అంతా వింటున్నాడు. "లాగండి డాక్టరుగారూ. ఊరికే పోతున్న మెలకువే గదండీ. ఒకరికి పనికొస్తే పుణ్యం," అన్నాడు.

డాక్టరుగారు నా వంక చూశారు. నేను తడిక వంక చూశాను. కాదనాలంటే ఒక్కటే కారణం ఉంది, అది చెప్పడం కుదరదు. "సరే, కట్టుకో," అన్నారు.

మిగతా మంచెలవాళ్ళకు కూడా ఈ ఏర్పాటు సబబుగానే తోచింది. డాక్టరు బాబుకు నిద్ర రాని జబ్బు ఉందని ఊరు ఊరంతా నమ్మింది. మేము కిందినుంచి వచ్చినవాళ్ళం ఇలాంటి మాటలు విని తల ఊపుతాం, నమ్మం. వాళ్ళకు ఆ అలవాటు లేదు. చెప్పాడు గనక నిజమే అనుకున్నారు. జబ్బు గనక నయం చెయ్యలేం, కనీసం వాడుకుందాం అనుకున్నారు.

మొదటి రాత్రుళ్ళు తాడు బాగానే పలికింది. ఆయన మంచం మీద కూర్చుని, దుప్పటి కప్పుకుని, చెవి కిటికీకి ఆనించి నిజంగానే మేలుకున్నారు. పొద్దున్నకు కళ్ళు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి. చొక్కా బొత్తాలు తప్పుగా పెట్టుకున్నారు. ఒకరి మిక్చరు ఇంకొకరి సీసాలో పోసి, నాలుక కరుచుకుని, పారబోశారు. వసారాలోకి వచ్చి నిలబడ్డారు గాని రెప్పలు నొక్కుకోలేదు. కోడి గురించీ కుక్క గురించీ ఏమీ చెప్పలేదు.

"రాత్రి ఎలా ఉందండీ?" అని నేనే అడిగాను.

"చలిగా ఉంది," అన్నారు.

నిజంగా నిద్రపోనప్పుడు ఆయన ఆ మాటే ఎత్తలేదు. అటు చూస్తే సుకిరి ముఖం తేటపడింది. నీళ్ళకు వెళ్తూ దారిలో పక్కింటిదానితో ఏదో అని నవ్వడం కూడా విన్నాను. గురక లేక, అలవాటు తప్పి నాకే నిద్ర పట్టలేదు.

తరవాత జీతం తెచ్చుకోవడానికి నేను కొండ దిగాను. తిరిగి వచ్చేసరికి పొద్దు బాగా ఎక్కింది. ఆసుపత్రి ముందు ఊరు ఊరంతా కూర్చుని ఉంది. అంతమంది జబ్బుపడ్డారా అనుకున్నాను. దగ్గరికి వస్తే తెలిసింది. రాత్రి పందులు పడ్డాయి. సుకిరి చేలోంచి దూరి, ఆమె పొలం ఒక మూల తొక్కి, పైనున్న సోమన్న పొలంలో పడి మేసిపోయాయి. కింది మంచె రాత్రంతా పలకలేదు. పైవాళ్ళు దిగివచ్చి డాక్టరుగారి తలుపు బాదితే చాలాసేపటికి తెరిచారట.

సోమన్నకు కోపం లేదు. నష్టం కావాలి, అంతే. అతనికి ఇంటినిండా పిల్లలు. సుకిరికి ఉన్నదే ఆ కాస్త చేను. సోమన్నకు కొలిచి ఇస్తే ఆమెకు మిగిలేది గడ్డి. మంచంలో ఉన్న మొగుడికీ తనకూ వచ్చే ఏడు దాకా మామిడిటెంకల అంబలే.

ఊరి పెద్ద రాయి మీద కూర్చున్నాడు. డాక్టరుగారికి లోపలినుంచి కుర్చీ తెచ్చి వేశారు. ఆయన కూర్చోలేదు.

పెద్ద నెమ్మదిగా చెప్పాడు. "విను బాబూ. మా పాత మాట ఇది. నువ్వు రేతిరి తెలివిగానే, నిదరోకండా వున్నావనుకో, మంచె పలకనేదంటే తాడు సెడ్డాది. తాడు సుకిరిది, నట్టం దానిది. నీకు ఏటీ నేదు. నువ్వు కన్ను మూసినావనుకో, ఒక్క రేతిరి కన్ను అంటుకోడం ఎవుడికైనా వత్తాది, సగం నీది, సగం దానిది. అలా కాకండా, రోజూ పడుకునే మనిసివి, పడుకోను అని సెప్పి తాడు అట్టుకున్నావనుకో, అది మోసపోయినాది. అప్పుడు నట్టమంతా నీదే. సుకిరికి నేదు. ఇప్పుడు సెప్పు. తెలివిగా వున్నావా, పడుకున్నావా?"

చదువుకున్న కోర్టుల్లో ఇంత స్పష్టంగా ప్రశ్న వేసినవాణ్ణి నేను చూడలేదు.

డాక్టరుగారు మొదలుపెట్టారు. "కళ్ళు మూసుకుని ఉన్నాను. అది ఒక స్థితి. పూర్తిగా నిద్రా కాదు, పూర్తిగా మెలకువా కాదు. శరీరం విశ్రమిస్తుంది గాని మనసు..." అంటూ చాలాసేపు చెప్పారు.

పెద్ద శ్రద్ధగా విని, వెనక కూర్చున్న ముసలివాళ్ళకు తమ భాషలో చెప్పాడు. అలా చెప్పడానికి ఒక్క మాటే పట్టింది.

"ఏమని చెప్పావు?" అని నేను అడిగాను.

"పడుకున్నాడని సెప్పినాను బాబూ."

"అలా అనలేదు నేను," అన్నారు డాక్టరుగారు.

"అయితే తెలివిగా వున్నావా?"

అప్పుడు సుకిరి వంక చూశాను. ఆమె ఎవరి వంకా చూడలేదు. పందులు తొక్కిన వెన్నులు కొన్ని ఒడిలో పెట్టుకుని, బురద దులిపి, అరచేతుల మధ్య నలిపి, గింజలు కొంగులో వేసుకుంటోంది. ఎవరు ఏం చెప్పినా ఆ గింజలు మాత్రం ఆమెవి.

"నిద్రపోయాను," అన్నారు డాక్టరుగారు.

జనం కదిలారు. షావుకారు కుర్చీ దగ్గరికి జరిగి మెల్లగా అన్నాడు, "అక్కడితో ఆపండి. ఒక్క రాత్రేనని చెప్పండి. సగం కడితే పరువు దక్కుతుంది. ఆ సుకిరి ఎలాగో బతుకుతుంది, వాళ్ళకి అలవాటే."

పెద్ద అడిగాడు. "ఈ ఒక్క రేతిరేనా బాబూ, రోజూనా?"

డాక్టరుగారు నా వంక తిరిగారు. తడిక ఇవతల ఉండేది నేనే గనక సాక్షిని నేనే అని ఆయనకు తెలుసు. నేను నోరు తెరవబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "మీరు ఆగండి మేష్టారూ," అన్నారు. రెండు రెప్పలూ నొక్కుకున్నారు. వదిలారు.

"రోజూ నిద్రపోతాను. చిన్నప్పటినుంచీ," అన్నారు.

ఎవరూ నవ్వలేదు. నవ్వుతారని ఆయన అనుకున్నట్టున్నారు, తల కొంచెం వంచుకుని నిలబడ్డారు. వెనకనున్న ముసలమ్మ ఏదో అడిగింది. పెద్ద దాన్ని తెలుగులో అడిగాడు. "మరి నిదర నేదని ఎందుకన్నావు బాబూ?"

"లేచాక, పడుకున్నట్టు ఉండదు నాకు," అన్నారు డాక్టరుగారు. "రాత్రంతా ఏదో మోసినట్టే ఉంటుంది. అందుకని పడుకోలేదనే అనుకుంటాను."

నాలుగు రకాలు పెట్టి అన్నేళ్ళు ఊరందరికీ చెప్పిన మనిషి తన జబ్బు గురించి చెప్పిన నిజమైన మాట అది ఒక్కటే. పెద్ద దాన్ని తన భాషలోకి మార్చడానికి ఈసారి చాలాసేపు పట్టింది. ముసలమ్మ విని, తల ఊపి, "అయితే జబ్బే," అంది.

ఆ మాటతో పంచాయితీ ముగిసింది. సోమన్న నష్టం డాక్టరుగారు సంతలో చోళ్ళు కొని తీర్చారు. కోతలు అయ్యేదాకా రాత్రుళ్ళు ఆయనే సుకిరి మంచె ఎక్కి కూర్చోవాలని కూడా తీర్పు. సర్కారు డాక్టరు కొండవాళ్ళ తీర్పుకు లోబడ్డాడని పై అధికారులకు తెలిస్తే ఉద్యోగం ఏమయ్యేదో. ఆయన ఉన్ని టోపీ పెట్టుకుని, కంబళి చుట్టుకుని, ఎందుకో గొడుగు కూడా పట్టుకుని ఎక్కారు. అందరూ కేక వేసే చోట ఆయన రోగులకు బదులిచ్చినట్టు, "ఆఁ, ఉన్నాను, ఉన్నాను," అని అరిచేవారు. పై మంచెల కుర్రకారు దాన్ని నేర్చుకున్నారు. ఆ వాలు మీద కొన్నేళ్ళు అదే కేక అయిందని విన్నాను.

అక్కడితో ఆయన మారిపోయారని రాస్తే చదవడానికి బాగుంటుంది. మారలేదు. కోతలు అయిన కొన్నాళ్ళకు ఎవరో దొర తనిఖీకి వస్తే, తనకు ఏళ్ళ తరబడి నిద్ర లేదని ఇంగ్లీషులో చెప్పారు. నేను పక్కనే ఉన్నాను. నా కోసం గొంతు మాత్రం కొంచెం తగ్గించారు.

చింతపండు కొట్టు దగ్గర నాకు నవ్వు తెప్పించిన మనిషి ఈయనే. తలుపు వేసుకున్నాక నాకు గుర్తొచ్చిన మనిషి కోతల రోజుల నాటి మనిషి.

చేను కోసి, నూర్చి, గింజ ఇంటికి చేర్చాక కాపలా ఉన్నవాడికి కొత్త గింజ ఒక బుట్టెడు ఇవ్వడం అక్కడి ఆచారం. తీర్పుకు కూర్చున్నవాడికీ ఇస్తారు. మంచె దిగిన మర్నాడు పొద్దున్న డాక్టరుగారు ఆసుపత్రి తలుపు తెరవడానికి తాళంచెవి చేత్తో పట్టుకుని వసారాలోకి వచ్చారు. కుర్చీ కనపడితే ఒక్క నిమిషం కూర్చున్నారు. తల వెనక్కి వాలింది. నోరు తెరుచుకుంది. ఎండ ముఖం మీద పడుతోంది. దారిన పోయేవాళ్ళందరికీ కనపడేలా, దీర్ఘశ్వాస తీస్తున్నారు.

సుకిరి బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చింది. వెనకే బుదరా, కర్ర ఊతతో. జ్వరం వదిలి నడవడం అదే మొదటిసారి. బుదరా మెట్టు ఎక్కి, "బాబూ," అనబోయాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. బుట్ట చప్పుడు కాకుండా దించి, మెట్టు మీద కూర్చుంది. మందుకు వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, చూసి, ఆమె వెనక వరసగా నేలమీద కూర్చున్నారు. ఎవరో పసిపిల్ల ఏడవబోతే తల్లి దాన్ని ఎత్తుకుని కొట్టు వెనక్కి వెళ్ళిపోయింది. షావుకారు కొట్టు తలుపు పలకలు తీస్తున్నవాడు, తీసింది చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కాసేపటికి సుకిరి తల కూడా బుట్ట అంచు మీదికి వాలింది.

బడివేళ అయింది. పిల్లలు వచ్చి నా చుట్టూ నిలబడ్డారు. నేను సుత్తి తీసి పక్కన పెట్టాను. ఆ రోజు గంట కొట్టలేదు.